పెట్టె కొనే ముందు చిట్టా రాయండి
టీవీకి తగిన మీడియా ప్లేయర్ ఎంపికలో మెలకువలు

గోడకు పెద్ద తెర టీవీ వచ్చింది. బీరువా అడుగున పెళ్లినాటి సీడీలు అలాగే ఉన్నాయి. వాటిని పెట్టడానికి ప్లేయర్ లేదు. అమెరికాలోని అబ్బాయి మనవడి పుట్టినరోజు వీడియో పంపించాడు. ఫోన్‌లో చక్కగా కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే ఈ ఫైలు చెల్లదంటోంది. పోనీ దుకాణానికి వెళదామంటే ‘4కె పెట్టె’, ‘ఆండ్రాయిడ్ పెట్టె’, ‘స్టిక్’, ‘డీవీడీ ప్లేయర్’.. అంటూ వరుసగా ముందు పెడతారు. ధర తక్కువనో, అట్టపెట్టె మీద అంకె పెద్దదనో ఏదో ఒకటి తెచ్చుకుంటే, చూడదలచుకున్నది మాత్రం తెర మీదకు రాదు.

ఇందులో దుకాణదారు తప్పు కంటే మన తొందరే ఎక్కువ. మీడియా ప్లేయర్ అంటే వీడియోను టీవీ తెరకు చేర్చే సాధనం మాత్రమే. ఏ వీడియోను చేర్చాలో ముందు తేల్చుకుంటే ఏ సాధనం కావాలో దానంతట అదే తేలుతుంది. చాలా ఇళ్లలో కొత్తగా ఏదీ కొనవలసిన అవసరమే ఉండదు. మరికొన్ని ఇళ్లలో చౌకగా వచ్చిందని తెచ్చిన పెట్టె ఇంటి భద్రతకే ముప్పు తెస్తుంది. కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలపై కథనం.

ముందుగా ఇల్లు వెతకండి

ఒక కాగితం తీసుకుని నాలుగు వరుసలు గీయండి. మొదటి వరుసలో ఇంట్లో ఉన్న క్యాసెట్లు, వీసీడీలు, డీవీడీలు రాయండి. రెండో వరుసలో పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కు, కంప్యూటర్‌లలో దాచిన సినిమాలు, పాటలు, వేడుకల వీడియోలు రాయండి. మూడో వరుసలో ఫోన్లలో తీసినవి, బంధువులు పంపినవి చేర్చండి. నాలుగో వరుస ఇంటర్నెట్ ద్వారా చూసే నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్, జియోహాట్‌స్టార్, ఆహా, ఈటీవీ విన్ వంటి వాటిది.

ఈ నాలుగు వరుసలకూ నాలుగు దారులున్నాయి. అన్నింటికీ సరిపోయే ఒకే పెట్టె దొరకడం కష్టం. ఇంటర్నెట్ స్టిక్‌కు సీడీ పెట్టే చోటుండదు. డీవీడీ ప్లేయర్‌లో ఆహా రాదు. కాబట్టి ఏ వరుస పొడవుగా ఉందో, ఏ వరుసలోవి పోతే మళ్లీ దొరకవో గుర్తించాలి. సినిమా పోతే మరోచోట దొరుకుతుంది. కాలం చేసిన తాతగారు పీటల మీద కూర్చుని మాట్లాడిన మాటలు మరోచోట దొరకవు. ఎంపికలో మొదటి ప్రాధాన్యం వాటికే ఇవ్వడం ఉచితం.

టీవీ వెనక్కి తొంగిచూడండి

చిట్టా పూర్తయ్యాక టీవీ వెనుక, పక్కన ఉన్న రంధ్రాలను పరిశీలించాలి. చదునుగా, రెండు చివర్లు కొద్దిగా ఏటవాలుగా ఉండేది హెచ్‌డీఎంఐ. నేటి ప్లేయర్లన్నీ దీనికే తగులుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టేది యూఎస్‌బీ. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల్లో గుండ్రంగా ఉండేవి ఏవీ రంధ్రాలు. పాత వీసీఆర్, డీవీడీ ప్లేయర్లకు ఇవే ఆధారం. కొత్త టీవీల్లో ఈ మూడింటి స్థానంలో ఇయర్‌ఫోన్ రంధ్రంలాంటిది ఒక్కటే ఉండవచ్చు. దానికి వేరే తీగ కావాలి. కొన్నింటిలో అదీ ఉండదు. అప్పుడు పాత ప్లేయర్ తగిలించాలంటే ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పరికరం అవసరమవుతుంది. ఇంట్లో పాత పిక్చర్‌ట్యూబ్ టీవీ ఉండి కొత్త స్టిక్ తగిలించాలంటే, దీనికి తిరకాసుగా హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది కొనాలి. ఈ రెండూ వేర్వేరు. పేరు చూసి పొరపాటున ఒకదానికి బదులు మరొకటి తెచ్చుకునేవారు ఎక్కువ.

తెర సామర్థ్యమూ చూసుకోవాలి. 32 అంగుళాల టీవీల్లో చాలా వాటి తెర 1366 × 768 చుక్కలదే. 4కె అంటే 3840 × 2160. చిన్న తెరకు 4కె పెట్టె తగిలించినా బొమ్మ తెర సామర్థ్యాన్ని మించదు. అదనంగా పెట్టిన సొమ్ముకు కంటికి కనిపించే లాభం ఉండదు.

మీది స్మార్ట్ టీవీ అయితే నాలుగో వరుసలోని యాప్‌లు అందులోనే ఉండవచ్చు. ఫైబర్ ఇంటర్నెట్ తీసుకున్న ఇళ్లకు ఆ సంస్థలు ఇచ్చే సెట్‌టాప్ పెట్టెలోనూ ఇవి ఉంటున్నాయి. మూల పడేసిన ఆ రిమోట్ ఒకసారి తీసి చూస్తే కొత్త పెట్టె ఖర్చు తప్పవచ్చు.

బొమ్మ వచ్చె.. మాట రాదాయె

పెన్‌డ్రైవ్‌లోని వీడియో ఒక టీవీలో ఆడి, మరో టీవీలో ఆడకపోవడానికి కారణం తెలుసుకుంటే ఎంపిక సగం పూర్తయినట్టే. ఎంపీ4, ఎమ్‌కేవీ, ఏవీఐ అనేవి సంచుల పేర్లు. సంచిలో బియ్యం ఉన్నాయా, కందిపప్పు ఉందా అన్నది సంచి పేరుతో తెలియదు. వీడియోను కుదించి లోపల సర్దే పద్ధతిని ‘కోడెక్’ అంటారు. ప్లేయర్‌కు తెలియవలసింది ఈ కోడెక్.

కాలాన్ని బట్టి ఇవి మారుతూ వచ్చాయి. వీసీడీలో ఉండేది ఎంపెగ్-1. డీవీడీలో ఎంపెగ్-2. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పటికీ ఎక్కువ వాడుకలో ఉంది. దాదాపు అన్ని టీవీలూ దీన్ని ఆడిస్తాయి. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు అదే నాణ్యతను సుమారు సగం చోటులో ఇముడుస్తుంది. 2018 నాటి ఏవీ1 ఇంకా కొత్తది. పాత టీవీలకు హెచ్.265, ఏవీ1 అర్థం కావు. అమెరికా నుంచి వచ్చిన పుట్టినరోజు వీడియో తిరగబడటానికి ఇదే కారణం కావచ్చు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లలో వీడియోలు సాధారణంగా హెచ్.265లోనే నమోదవుతున్నాయి. పంపేవారు ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోని ‘ఫార్మాట్స్’లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై తీసేవి హెచ్.264లో వస్తాయి. ఇది పైసా ఖర్చు లేని పరిష్కారం.

బొమ్మ కనిపించి మాట వినిపించకపోతే దోషం ధ్వని కోడెక్‌ది. సినిమా ఫైళ్లలో తరచూ ఉండే ‘డీటీఎస్’ ధ్వనికి ప్రత్యేక అనుమతి కావాలి. చాలా టీవీల్లో ఆ అనుమతి లేదు. టీవీ చెడిపోయిందని మెకానిక్‌ను పిలవనవసరం లేదు. ఆండ్రాయిడ్ ఆధారిత టీవీ అయితే వీఎల్‌సీ యాప్ వేసుకుని అందులో ఆడించి చూడాలి. కంప్యూటర్ ఉన్నవారు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోను హెచ్.264లోకి, ధ్వనిని ఏఏసీలోకి మార్చుకోవచ్చు.

ఫైలులో ఏ కోడెక్ ఉందో తెలుసుకోవడమూ తేలికే. కంప్యూటర్‌లో వీఎల్‌సీతో వీడియో తెరిచి, ‘టూల్స్’ కింద ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే వివరాలు వస్తాయి. వాటిని చిట్టాలో రాసుకుంటే, కొనబోయే ప్లేయర్ వివరాల పత్రంతో పోల్చుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ పెట్టినా ఖాళీయేనా?

ఫైలు సరైనదే అయినా టీవీ పెన్‌డ్రైవ్‌నే గుర్తించకపోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు ప్రధానంగా మూడు. ఎఫ్ఏటీ32, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్. మొదటిదాన్ని దాదాపు అన్ని టీవీలూ, పాత డీవీడీ ప్లేయర్లూ గుర్తిస్తాయి. అయితే అందులో 4 జీబీ కంటే పెద్ద ఫైలు ఒక్కటీ పట్టదు. పెద్ద సినిమా ఎక్కించబోతే చోటు ఉన్నా లేదని కంప్యూటర్ చెప్పేది ఇందువల్లనే. మిగిలిన రెండింటిలో ఈ పరిమితి అడ్డురాదు గానీ, అన్ని టీవీలూ వాటిని గుర్తించవు. పద్ధతి మార్చాలంటే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి. అలా చేస్తే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి. ముందుగా నకలు తీసుకోవడం తప్పనిసరి.

పోర్టబుల్ హార్డ్‌డిస్కుల ఇబ్బంది వేరు. వాటిలో తిరిగే పళ్లేనికి విద్యుత్తు కావాలి. టీవీలోని యూఎస్‌బీ 2.0 రంధ్రం సాధారణంగా 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. హార్డ్‌డిస్కు అంతకంటే ఎక్కువ కోరితే టిక్కు టిక్కుమని శబ్దం చేసి ఆగిపోతుంది. పదేపదే ఇలా ఆగితే డిస్కుకే నష్టం. విడిగా విద్యుత్తు అందించే యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టడం మేలు.

తెలుగు అక్షరాలు గళ్లయితే..

పరభాషా చిత్రాలను తెలుగు ఉపశీర్షికలతో చూసేవారు మరో విషయం గమనించాలి. కొన్ని ప్లేయర్లలో తెలుగు అక్షరాలకు బదులు చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ఉపశీర్షికల ఫైలు ‘యూటీఎఫ్-8’ పద్ధతిలో భద్రపరచి లేకపోవడం ఒక కారణం. ప్లేయర్‌లో తెలుగు లిపి ఫాంటు లేకపోవడం రెండో కారణం. మొదటిదాన్ని కంప్యూటర్ నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి, భద్రపరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుని సరిదిద్దవచ్చు. రెండోదానికి మందు లేదు. ఆ ప్లేయర్ తెలుగు ఇంటికి పనికిరాదు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా పడేవి కూడా ఉన్నాయి. తెలుగు పేరున్న ఒక ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి దుకాణంలోనే చూసుకుంటే ఈ లోపం క్షణంలో బయటపడుతుంది.

క్యాసెట్లు, సీడీల సంగతి

మొదటి వరుసలోని వాటికి వ్యవధి తక్కువ. వీహెచ్ఎస్ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ ప్రపంచంలో ఎక్కడా లేదు. చివరి వరకూ వాటిని తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. తీరప్రాంతంలోని తేమకు క్యాసెట్ టేపు మీద తెల్లని బూజు పడుతుంది. కిటికీలోంచి చూస్తే బూజు కనిపించే క్యాసెట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ వీసీఆర్‌లో పెట్టరాదు. ఆ బూజు యంత్రంలోని హెడ్‌కు అంటి, తరువాత పెట్టే మంచి క్యాసెట్లనూ పాడుచేస్తుంది. ఇటువంటివాటిని శుభ్రపరిచి డిజిటల్‌లోకి మార్చే స్టూడియోలకు అప్పగించడమే శ్రేయస్కరం.

వీసీడీలో బొమ్మ 352 × 288 చుక్కలు. ఒక డిస్కులో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. నాడు సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది ఇందుకే. వీటిని కంప్యూటర్‌లో పెడితే ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డర్‌లో డాట్ అనే తోకతో ఫైలు కనిపిస్తుంది. దాన్ని నకలు తీసి వీఎల్‌సీలో చూడవచ్చు. టీవీ గుర్తించకపోతే తోకను ఎంపీజీగా మార్చి ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే హెచ్.264లోకి మార్చుకోవాలి. డీవీడీలోని వీడియో ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్‌లో ఉంటుంది.

కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌ను నేరుగా టీవీకి పెట్టి ఆడించవచ్చని కొందరు అనుకుంటారు. చాలా టీవీలు దాన్ని గుర్తించవు. టీవీలో డిస్కు చూడాలంటే హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయరే కావాలి. వీటి తయారీ కూడా ఏటేటా తగ్గుతోంది. ఇంకా మెరుగైన బ్లూ-రే ప్లేయర్ల విషయంలో శామ్‌సంగ్ 2019లోనే కొత్తవి తేవడం మానుకుంది.

విదేశాల నుంచి వచ్చే బంధువులతో ప్లేయర్ తెప్పించుకోవడం మంచిది కాదు. డీవీడీలకు ప్రాంతాల వారీ తాళం ఉంటుంది. మన దేశం 5వ ప్రాంతం, అమెరికా 1వ ప్రాంతం. అక్కడి ప్లేయర్ ఇక్కడి డిస్కును నిరాకరించవచ్చు. పైగా అక్కడి విద్యుత్తు 120 వోల్టులు. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోవచ్చు. ఇటు నుంచి అటు పంపే పెళ్లి డీవీడీలకూ ఇబ్బందే. మనది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఇక్కడి నుంచి పంపిన డిస్కు అక్కడి చాలా ప్లేయర్లలో ఆడదు. డిస్కు బదులు ఎంపీ4 ఫైలు పంపితే ఈ తంటా ఉండదు.

పాత వీడియో కొత్త టీవీలో పెట్టగానే ముఖాలు వెడల్పుగా సాగి కనిపిస్తే కంగారుపడవద్దు. నాటి తెరల కొలత 4:3, నేటివి 16:9. రిమోట్‌లో బొమ్మ కొలతను 4:3గా మార్చితే ఇరుపక్కలా నల్లని పట్టీలు వచ్చి మనుషులు మామూలుగా కనిపిస్తారు.

నెట్ సినిమాలకు ఏ పెట్టె?

నాలుగో వరుస మాత్రమే ఉన్నవారికి, టీవీ స్మార్ట్ కాకపోయినా హెచ్‌డీఎంఐ ఉంటే చాలు. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ మన దేశంలో 2017 ఏప్రిల్‌లో విడుదలైంది. గూగుల్ అనుమతితో ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ వేసి అమ్మే పెట్టెలూ ఉన్నాయి. వీటిలో ఎంచుకునేటప్పుడు చూడవలసింది అట్టపెట్టె మీది 4కె అక్షరాలు కావు. సినిమా సంస్థల అనుమతి ఉందా లేదా అన్నది. ఆండ్రాయిడ్ పరికరాల్లో దొంగ నకళ్లు అరికట్టేందుకు ‘వైడ్‌వైన్’ అనే రక్షణ ఉంటుంది. అందులో ఎల్1 స్థాయి ఉంటేనే హెచ్‌డీ బొమ్మ వస్తుంది. ఎల్3 స్థాయి పెట్టెలో నెలకు ఎంత చందా కట్టినా సాధారణంగా పాత డీవీడీ పాటి నాణ్యతే దక్కుతుంది. కొనే ముందు దీని గురించి అడిగి, రాతపూర్వక వివరాల్లో చూసుకోవాలి.

రెండోది, పెట్టె ఎంతకాలం పనిచేస్తుందన్నది. నెట్ పెట్టె ప్రాణం సగం దాని తయారీ సంస్థ చేతిలో ఉంటుంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పరికరాలు బాగానే ఉన్నాయి. లోపలి డిజిటల్ ధ్రువపత్రం గడువు ముగిసింది. గూగుల్ సవరణ పంపాక అవి మళ్లీ పనిచేశాయి. సంస్థ పేరు, చిరునామా తెలియని పెట్టెకు ఇలా జరిగితే సవరణ పంపేవారే ఉండరు.

‘అన్నీ ఉచితం’ అంటే ఆగండి

నెలవారీ చందా లేకుండా అన్ని సినిమాలు, అన్ని చానళ్లు ఉచితమంటూ పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెలు చౌకగా అమ్ముతుంటారు. చందా ఎగవేతే చట్టవిరుద్ధం. అంతకుమించిన ప్రమాదం లోపల పొంచి ఉండవచ్చు. 2024 సెప్టెంబరులో ‘వాయిడ్’ అనే దుష్ట ప్రోగ్రాం 197 దేశాల్లో సుమారు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో చొరబడినట్టు రష్యాకు చెందిన భద్రతా సంస్థ డాక్టర్ వెబ్ వెల్లడించింది. అదే ఏడాది డిసెంబరులో జర్మనీ సమాచార భద్రతా సంస్థ ‘బ్యాడ్‌బాక్స్’ సోకిన సుమారు 30 వేల పరికరాల సంబంధాలు తెంచింది. అవి దుకాణం నుంచి వచ్చేసరికే సోకి ఉన్నాయి. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’పై ప్రజలను హెచ్చరించింది. జులైలో గూగుల్ న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. కోటికి పైగా అనుమతి లేని పరికరాలకు ఇది సోకినట్టు ఆ సంస్థ పేర్కొంది.

ఇటువంటి పెట్టె పైకి సినిమా చూపిస్తూనే ఉంటుంది. లోపల మాత్రం మీ ఇంటి ఇంటర్నెట్‌ను ముక్కూముఖం తెలియనివారికి అద్దెకిస్తుంది. వారు చేసే మోసానికి మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామా సాక్ష్యంగా మిగులుతుంది. అదే వైఫైలో ఇంట్లోని ఫోన్లు, వాటిలోని బ్యాంకు లావాదేవీలు నడుస్తుంటాయి. వందల రూపాయలు మిగుల్చుకోబోయి ఇంత ముప్పు కొని తెచ్చుకోవడం తగదు.

గుర్తుపట్టే ఆనవాళ్లు ఇవీ. తెర టీవీలా కాక ట్యాబ్లెట్‌లా కనిపించి, మౌస్ ఉంటే తప్ప కదలదు. ‘ప్లే ప్రొటెక్ట్’ రక్షణను ఆపేయమని అడుగుతుంది. ప్లే స్టోర్‌కు బదులు పేరు తెలియని దుకాణం నుంచి యాప్‌లు వేసుకోమంటుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కొనకపోవడమే మంచిది. ఆండ్రాయిడ్ టీవీ అనుమతి పొందిన సంస్థల జాబితాను గూగుల్ తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. ఇప్పటికే ఇంట్లో ఇటువంటి పెట్టె ఉంటే ముందు దాని నెట్ తీసేయాలి. ఆ తరువాత వైఫై పాస్‌వర్డ్, అందులో వాడిన ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి.

నెట్ లెక్క వేసుకోండి

పెట్టె ఎంత మంచిదైనా నెట్ వేగం చాలకపోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ సూచన ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకు 15 ఎంబీపీఎస్ వేగం కావాలి. గంటకు హెచ్‌డీలో 3 జీబీ, 4కెలో 7 జీబీ వరకూ ఖర్చవుతుంది. ఈ లెక్కన రెండున్నర గంటల సినిమాకు హెచ్‌డీలో 7.5 జీబీ, 4కెలో 17.5 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే సెల్‌ఫోన్ పథకం మీద ఆధారపడిన ఇంట్లో ఒక్క హెచ్‌డీ సినిమా దాదాపు నాలుగు రోజుల వాటా మింగేస్తుంది. ఫైబర్ రాని ఊళ్లలో నెట్ పెట్టె కంటే పెన్‌డ్రైవ్ దారే సుఖం. చూడక తప్పదనుకుంటే నాణ్యతను తగ్గించుకుంటే గంటకు 1 జీబీతో సరిపెట్టుకోవచ్చు.

ఎవరికి ఏది?

పెళ్లి డిస్కులే ప్రధానమైతే: హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ రెండూ ఉన్న డీవీడీ ప్లేయర్. డిస్కు, పెన్‌డ్రైవ్ రెండూ ఒకే పెట్టెలో తేలిపోతాయి. అయితే పాత నమూనాలు కొత్త కోడెక్‌లను ఆడించలేవు.

పెన్‌డ్రైవ్ సినిమాలే ఎక్కువైతే: ముందు టీవీలోనే పెట్టి చూడండి. ఆడకపోతే వీఎల్‌సీ వేసుకోగలిగిన, యూఎస్‌బీ రంధ్రం ఉన్న ఆండ్రాయిడ్ టీవీ పెట్టె. స్టిక్‌లలో చాలావాటికి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు విడిగా ఉండదని గమనించాలి.

ఫోన్ వీడియోలే అయితే: స్మార్ట్ టీవీకి ఫోన్ నుంచే ‘కాస్ట్’ చేయవచ్చు. ఇద్దరూ ఒకే వైఫైలో ఉంటే చాలు. బంధువులు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపమంటే అసలు ఫైలు వస్తుంది.

కంప్యూటర్‌లో పెద్ద సంగ్రహం ఉంటే: జెల్లీఫిన్, ప్లెక్స్, కోడి వంటి సాఫ్ట్‌వేర్‌లతో ఇంటి వైఫై మీదుగానే టీవీలో చూడవచ్చు. కొంత ఓపిక, పరిజ్ఞానం ఉన్నవారికే ఇది అనువు.

ఇంట్లో వృద్ధులే ఉంటే: మీటలు తక్కువగా, అక్షరాలు పెద్దగా ఉన్న రిమోట్‌కే ఓటు వేయండి. రెండు రిమోట్‌లు అవసరమయ్యే ఏర్పాటు వారికి ఇబ్బంది. పెట్టె రిమోట్‌తోనే టీవీ ధ్వని, స్విచ్ కూడా పనిచేసేట్టు చూడాలి. పిల్లలున్న ఇంట్లో పిన్ తాళం వేసుకునే వీలుండాలి.

దుకాణంలో పది నిమిషాలు

కొనడానికి వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి. అందులో పెళ్లి డిస్కు నుంచి తీసిన ఒక ముక్క, ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి, ఇంట్లో మాట రాని సినిమా ఒకటి, తెలుగు ఉపశీర్షికలున్నది ఒకటి ఉండాలి. నాలుగూ దుకాణంలోని టీవీలో ఆడించి చూపమని అడగండి. ముందుకు, వెనక్కు జరపమనండి. ఆపి, మళ్లీ పెడితే ఆగిన చోట నుంచే మొదలవుతుందో లేదో చూడండి. వివరాల పత్రం చెప్పలేనిది ఈ పది నిమిషాలు చెబుతాయి.

పెట్టె మీద, అడాప్టర్ మీద బీఐఎస్ ముద్ర, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో పరిశీలించాలి. ఆ సంఖ్య అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. రసీదు, వారంటీ పత్రం అడిగి తీసుకోవాలి. రసీదు మీద నమూనా సంఖ్య రాయించుకోవాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు, ఆన్‌లైన్ ఆర్థిక మోసమైతే 1930కు ఫోన్ చేయవచ్చు.

పెట్టెలు మారుతాయి.. వీడియోలు ఉండాలి

వీసీఆర్ వెళ్లింది. వీసీడీ వెళ్లింది. డీవీడీ వెళుతోంది. ఈ రోజు కొన్న పెట్టె కూడా కొన్నేళ్లకు పాతబడేదే. స్టూడియోలు కంప్యూటర్‌లో రాసి ఇచ్చిన డిస్కుల్లో బొమ్మను నిలిపేది ఒక రంగు పొర. ఎండకు, వేడికి అది వెలిసిపోతుంది. సినిమా సంస్థలు అచ్చువేసిన డిస్కులంత కాలం అది నిలవదు. కాబట్టి ప్లేయర్ కొనడానికి కేటాయించిన సొమ్ములో కొంత నకళ్లకు మళ్లించడం వివేకం. డిస్కుల్లోని వాటిని ఎంపీ4 ఫైళ్లుగా మార్చి, ఒక నకలు హార్డ్‌డిస్కులో, మరొకటి వేరే ఊళ్లోని తోబుట్టువు ఇంట్లో ఉంచాలి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోరాదు. అసలు డిస్కులను పారేయరాదు.

చిట్టాలోని మొదటి వరుస ముందు పూర్తిచేయండి. ఆ తరువాత ఏ పెట్టె కొన్నా పెద్దగా నష్టం లేదు. వచ్చే పండక్కి అందరూ కూడినప్పుడు తాతగారి గొంతు హాల్లో వినిపిస్తే, ప్లేయర్‌కు పెట్టిన సొమ్ము సార్థకమైనట్టే.